కాగితపు కొంగల లెక్క



కొంగ యనగానే తెలుగువారికి కొంగజపమే స్ఫురించును. ఒంటికాలిపై నిలిచి, కనులు మూసి, చేపను మ్రింగు ఆ పక్షికి మన కథకులు మంచిపేరు నీయలేదు. జపానువారి ‘త్సురు’ ఆ జాతిది కాదు. మన సారసమునకు చుట్టము. అది వేయేండ్లు జీవించునని వారి నమ్మకము. చదరపు కాగితమును కత్తెర తగులనీయక మడచి ఆ పక్షిని చేయుట వారికి శుభకార్యము. 1797లోనే ఈ విద్యపై క్యోటో నగరమున గ్రంథ మచ్చుపడినది. అందు కొంగల కూర్పులు 49 విధములు కలవు.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు యారాడకొండ కావలనున్న విశాఖ రేవుపై బాంబులు వేసినవి. మూడేండ్లకు, 1945 ఆగస్టు 6న, ఆ దేశపు హిరోషిమాపై అణుబాంబు పడినది. సడాకో ససాకి అప్పటికి రెండేండ్ల పసిపాప. బాంబు ప్రేలినచోటికి మైలు దూరమున నుండెను. నాడు గాయమేమియు కానరాలేదు. 1955లో రక్తపు కేన్సరుతో ఆసుపత్రి చేరి, వేయి కొంగలు మడచినవారి కోరిక తీరునని విని, మందు పొట్లముల కాగితములను సైతము విడువక మడచెను. వేయి నిండకమున్నే ఆమె కన్నుమూసెనని లోకమున వ్యాపించిన కథ సరికాదు. వేయియు దాటినవి, ఆమె మాత్రము దక్కలేదు. ఆ యేడు అక్టోబరు 25న మరణించెను. తోడి విద్యార్థులు చందాలెత్తిరి. 3,000కు పైగా పాఠశాలలు చేయూత నీయగా 1958 మే 5న పిల్లల శాంతిస్మారకము వెలసినది.

కాగితపు కొంగ ఎవరి కడుపు నింపునని యడుగువారు కలరు. అడుగవలసినదే. సముద్రము ఇంటిలోనికి వచ్చుట యెట్టిదో తీరపుపల్లెలకు వేరుగ చెప్పనక్కరలేదు. సర్వమును కోల్పోయినవానికి కొంగలమాల పంపిన నతడేమి చేసికొనును? 2011 మార్చిలో జపానును భూకంపము, ఉప్పెన ముంచినపుడు అమెరికాలోని బెజోస్ కుటుంబపు ధర్మసంస్థ దీనికొక లెక్క కట్టినది. పిల్లలు మడచి పంపిన కొంగ యొక్కింటికి 2 డాలర్లు, లక్ష కొంగల వరకు, పునర్నిర్మాణమునకిత్తుమనిరి. వచ్చినవి 20 లక్షలకు పైన! ఇచ్చు సొమ్మును పెంచవలసి వచ్చెను. చేత కాసులేని పిల్లవాడును దాతయయ్యెను. మెచ్చదగినది ఈ పద్దే. విక్ మునీజ్ అను బ్రెజిలు చిత్రకారుడు ఆ కొంగలనే పేర్చి యొక మహాపక్షిని కూర్చెను.

హిరోషిమా స్మారకమునకు నేటికిని ఏటేట కోటి కొంగలు వచ్చుచున్నవి. తూకమున 10 టన్నులు. అన్నింటిని దాచుట నగరమునకు భారమే. 2003లో ఒక విద్యార్థి నిప్పుపెట్టగా లక్షకు పైగా బూడిదయైనవి. ఇపుడు పాతకొంగలను కరగించి మరల కాగితము చేయుచున్నారు. దానితో పిల్లలకు వ్రాతపుస్తకములు కుట్టుచున్నారు.