తూకము చాలని లెక్క
(వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ఉపన్యాసము)



“అవ్వా కావలెను, బువ్వా కావలెను” అను సామెతను మన యిండ్లలో పరిహాసమునకు చెప్పుదురు. పిల్లల చదువు విషయమున మనమందరము ఆ స్థితిలోనే యున్నాము. తెలుగు చక్కగా రావలెను; మనము నివసించు రాష్ట్రపు భాషయగు కన్నడమును రావలెను. వేళయు ధనమును పరిమితములు. ఇట్టి చిక్కులకు గణితశాస్త్రము చూపు మార్గమును నేడు మీకు మనవి చేయుచున్నాము.

1939లో సోవియట్ రష్యాలో కాంటొరోవిచ్ అను గణితవేత్త ప్లైవుడ్ యంత్రములకు పని పంచు సమస్యను సాధించుచు ఏకఘాత ప్రణాళికకు పునాది వేసెను. 1947లో అమెరికాలో డాంట్‌జిగ్ ‘సింప్లెక్స్’ పద్ధతిని కనుగొనెను. ఉన్న వనరులతో ఒక లక్ష్యమును అత్యధికముగా సాధించుట వీని పని. లక్ష్యములు రెండై, ఒకటి పెరిగిన రెండవది తరుగుచుండిన నేమి చేయవలెను? రెండింటికిని తగిన తూకము వేసి, మొత్తము హెచ్చుగా నున్నదానిని గైకొనుట సాధారణ మార్గము.

ఒక పాఠశాలలో సాయంకాలపు తరగతులకు ఒక్క ఉపాధ్యాయునికే వీలున్నదనుకొందము. మొదటి అభ్యర్థి వారమునకు తెలుగు 10 గంటలు, కన్నడము 2 గంటలు చెప్పగలడు. రెండవవాడు తెలుగు 2, కన్నడము 10. మూడవవాడు రెండును 5 గంటల చొప్పున. సమానముగా తూచిన మొదటి యిద్దరికి 12, మూడవవానికి 10 వచ్చును. తెలుగునకు తూకము పెంచిన మొదటివాడు, కన్నడమునకు పెంచిన రెండవవాడు గెలుచును. ఏ తూకము వేసినను మూడవవాని వంతు రాదు!

కారణము స్పష్టము. మొదటి యిద్దరిని చెరిసగము కలిపినచో రెండు భాషలకును 6 గంటలు వచ్చును. బియ్యము, పప్పువలె కొలిచి కలుపు వస్తువులైన అట్లే చేయుదుము. మనిషిని సగము చేయలేము గదా! కావున పూర్ణాంకముల లెక్కలో తూకము ఒక్కటే చాలదు. మూడవవానిని రెండు భాషలలోను మించినవాడు లేడు; అతడు త్రోసివేయరానివాడు.

అట్టివానిని కనుగొనుటకు హద్దు పెట్టు పద్ధతి కలదు. 1971లో హైమ్స్, లాస్డన్, విస్మర్ అనువారు దీనిని ప్రకటించిరి. “కన్నడము 4 గంటలకు తగ్గరాదు” అని ముందు నిర్ణయించి, పిదప తెలుగు ఎంత హెచ్చునో చూడవలెను. మొదటివాడు తొలగును, మూడవవాడు నిలుచును. హద్దు 2 అయిన మొదటివాడు, 6 అయిన రెండవవాడు. హద్దును క్రమముగా జరుపుచు పోయిన త్రోసివేయరాని మార్గములన్నియు బయటపడును.

‘ఔను, కాదు’ అని తేల్చవలసినవి 20 ఉన్నచో మార్గములు 10,48,576 అగును. వానినన్నిటిని చూడ పనిలేకుండ, శాఖలుగా చీల్చి వ్యర్థమైన శాఖలను విడుచు పద్ధతిని 1960లో లాండ్, డాయిగ్ అను ఇరువురు విదుషీమణులు ప్రకటించిరి.

ఇక మా మనవి. ఆ 4 అను అంకెను గణితము చెప్పజాలదు, తల్లిదండ్రులే చెప్పవలెను. “తెలుగు ముఖ్యమా, కన్నడము ముఖ్యమా” యని సభలో రెండు పక్షములుగా చీలితిమేని మూడవ మార్గము మన కంటికే కనబడదు. కావున ఏది గొప్పయని గాక, ఏది ఎంతకు తగ్గరాదో ఇంటియొద్ద ఆలోచించి, ఆ అంకెతో సభకు రండు. తక్కిన లెక్క మేము చేసి మీ ముందుంచెదము.