మన పిల్లవాడు ఆటగాడవుతాడా?

ఈవేళ పిల్లల ఆటల గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. ఆటల సంగతి నీకేం తెలుసమ్మా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నిజమే సుమండీ. నేను చదివింది పదో తరగతి, ఆడింది తొక్కుడుబిళ్ళ. కాని పోయిన ఏడాది అమెరికాలో, న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలింట్లో నాలుగు నెలలుండి వచ్చాను. అక్కడ మైదానం పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చోవడం తప్ప నాకు వేరే పని లేకపోయింది. అలా కూర్చుని చూసిన దానిలో మనకూ పనికొచ్చేది ఉందనిపించింది.

మా చెల్లెలి కొడుక్కి పదేళ్ళు. బేస్‌బాల్ ఆడతాడు. మన క్రికెట్టుకి వేలువిడిచిన చుట్టం అనుకోండి. బ్యాటు రోకలిలా గుండ్రంగా ఉంటుంది. బంతి నేలను తాకకుండా నేరుగా విసరాలి. అలా విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. పిల్లలకు లిటిల్ లీగ్ అని ఒక సంస్థ ఉంది. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో కార్ల్ స్టోట్జ్ అనే ఆయన మూడు జట్లతో మొదలుపెట్టాడట. ఆడపిల్లల్ని మాత్రం 1974 దాకా రానివ్వలేదు. అమెరికా అయితేనేం, ఆ విషయంలో మన అత్తగార్లకు తీసిపోలేదు.

మా వాడు పిచ్చర్. వాడు విసిరితే అవతలి పిల్లలు బ్యాటు ఊపేలోపే బంతి వెళ్ళిపోయేది. మా మరిదిగారి ఆనందం చూడాలి. “వదినగారూ, వీడి చెయ్యి చూశారా? దేవుడిచ్చిన చెయ్యి” అనేవారు. ఆయన చిన్నతనంలో విజయవాడలో బ్యాటు పట్టుకుంటే వాళ్ళ నాన్నగారు “ఆటలు కూడు పెడతాయిట్రా?” అని పొయ్యిలో పెట్టేశారట. ఆ కసి అంతా ఈ పిల్లవాడి మీదకు వచ్చింది. ఊరి జట్టు ఒకటి చాలక, ఊరూరా తిరిగి ఆడే జట్టులో కూడా చేర్చారు. దానికయ్యే ఖర్చు చెబితే మీరు నమ్మరు. పైగా, రేపు కాలేజీ ఫీజు ఈ ఆటే కడుతుందని ధీమా. తీరా ఎంతమందికి కడతారు? 2025 దాకా అక్కడి మొదటి శ్రేణి కాలేజీల్లో బేస్‌బాల్ జట్టు మొత్తానికి కలిపి 11.7 స్కాలర్‌షిప్పులే. వాటినే ముక్కలు చేసి పంచేవారు.

ఒకరోజు రాత్రి వాడికి అన్నం కలిపి పెడుతున్నాను. ఎడం చేత్తో గ్లాసు అందుకున్నాడు. “అదేమిట్రా?” అంటే, “మోచెయ్యి నొప్పి దొడ్డమ్మా, నాన్నకు చెప్పకు. శనివారం ఆట ఉంది” అన్నాడు. నేనేం చేశానో తెలుసా? కొబ్బరినూనె కాచి రాసి ఊరుకున్నాను. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. పిల్లవాడు నన్ను నమ్మి చెప్పాడు గదా అనుకున్నాను. ఇప్పటికీ ఆ మూడు రోజులు తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. శనివారం ఆట మధ్యలో చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు.

డాక్టరు ఫోటో తీయించి చెప్పింది. ఎదిగే పిల్లల్లో ఎముక చివర పెరిగే భాగం ఇంకా గట్టిపడదట. నరం, కండ కంటే అదే ముందు దెబ్బతింటుందట. అదృష్టం కొద్దీ విరగలేదు, వాచింది. మూడు నెలలు బంతి విసరకూడదంది. “రోజుకు ఎన్ని బంతులు విసురుతాడు?” అని అడిగింది. లిటిల్ లీగ్‌లో దానికి లెక్క ఉంది. తొమ్మిది, పదేళ్ళ పిల్లలు రోజుకు 75 బంతులు దాటకూడదు. 66 గానీ అంతకు మించి గానీ విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి. ఊరి జట్టు కోచ్ ఆ లెక్క తప్పలేదు. రెండో జట్టు కోచ్ తన లెక్క తను రాసుకున్నాడు. ఇక సాయంత్రం పెరట్లో తండ్రి విసిరించే బకెట్టెడు బంతులు ఎవరి లెక్కలోనూ లేవు! ముగ్గురూ మంచివాళ్ళే. చెయ్యి మాత్రం ఒక్కటే గదా.

ఇంకో సంగతి నా బుర్రకు ఆలస్యంగా తట్టింది. మా వాడు పుట్టింది సెప్టెంబరులో. లిటిల్ లీగ్‌లో వయసు లెక్క ఆగస్టు 31 నాటికి కడతారు. అంటే వాడి గుంపులో అందరికంటే పెద్దవాడు వాడే. ఆగస్టు చివర్లో పుట్టిన పిల్లవాడు అదే గుంపులో వాడికన్నా దాదాపు ఏడాది చిన్న. పదేళ్ళ వయసులో ఏడాది అంటే మాటలా? నాలుగు వేళ్ళ ఎత్తు, ఆ మేరకు బలం. మనం దాన్ని చూసి ‘దేవుడిచ్చిన చెయ్యి’ అనుకుంటున్నాం. వెనక ఆ గడువు జూలై 31గా ఉన్న కాలంలో ఆడి పెద్ద లీగులకెక్కిన అమెరికా వాళ్ళ పుట్టినరోజులు లెక్కపెడితే, జూలైలో పుట్టినవాళ్ళకన్నా ఆగస్టులో పుట్టినవాళ్ళు బాగా ఎక్కువగా తేలారు. పెద్దగా కనపడ్డవాడికి మంచి కోచ్, ఎక్కువ ఆటలు, మెచ్చుకోళ్ళు. చిన్నగా కనపడ్డవాడు బెంచీ మీద కూర్చుని కూర్చుని మానేస్తాడు. బుట్టలో ముందు రంగు తిరిగిన కాయే తియ్యటిదని మనం ఎప్పుడైనా అనుకుంటామా? పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అనుకుంటాం.

పోనీ, అదే వృత్తిగా ఉన్నవాళ్ళకైనా తెలుస్తుందా? మైక్ పియాజా అనే ఆటగాణ్ణి 1988లో జట్లు ఎంచుకునేటప్పుడు 1389 మంది తర్వాత తీసుకున్నారు. అదీ తండ్రికి స్నేహితుడైన ఒక మేనేజరు మొహమాటానికి. 2016లో ఆయన్ను మహామహుల సరసన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. హోసే ఆల్తూవే అనే వెనెజులా కుర్రవాణ్ణి మరీ పొట్టి అని ఎంపిక శిబిరం నుంచి పంపేశారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. 2017లో తన లీగ్‌కంతటికీ మేటి ఆటగాడు అతనే. అంతెందుకు, మన సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు. తండ్రి రమణగారు 1986 ఏషియాడ్‌లో కాంస్యం తెచ్చిన జట్టులో ఉన్నారు. ఆ పిల్ల మాత్రం బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుంది. వాళ్ళు పట్టుకోనిచ్చారు.

ఇంత చెబుతున్న నేను ఏం నిర్వాకం చేశానో కూడా చెప్పాలి గదా. మా అమ్మాయి ఎనిమిదో క్లాసులో స్కూలు పరుగుపందెంలో చివర వచ్చింది. కాస్త బొద్దుగా ఉండేది. “నీవల్ల కాదు లేవే, చదువుకో” అన్నాను. అంతే, మళ్ళీ బూట్లు తొడగలేదు. మా మరిదిగారు ఎక్కువ చూశారు, నేను తక్కువ చూశాను. చూసిన కళ్ళు రెండు చోట్లా మనవే. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్ళు. తెల్లవారగట్ల పార్కులో నాలుగు చుట్లు పరిగెత్తి వస్తుంది. నేనేమీ అడగను, అదేమీ చెప్పదు.

పదిహేను, పదహారేళ్ళ దాకా ఒకే ఆటకు కట్టెయ్యకుండా నాలుగు ఆటలు ఆడించమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లోనే చెప్పింది. ఏడాదిలో విడివిడిగానైనా మూడు నెలలు ఆ ఆటకు సెలవివ్వమంది. మన ఊళ్ళో ఆరేళ్ళ పిల్లల్ని తెల్లవారుజామున అయిదింటికే అకాడమీలకు తోలే తల్లులు ఈ మాట కాస్త చెవిన వేసుకోండి. నేనైతే పిల్లవాడు ఎన్ని గెలిచాడని చూడను. ఎవరూ చూడనప్పుడు కూడా బంతి చేతిలోకి తీసుకుంటున్నాడా? ఓడిన రోజు అన్నం తింటున్నాడా? నొప్పి వేస్తే మనకు చెబుతున్నాడా? ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం. మనం భయపెట్టకపోయినా, మన సంబరం చూసి కూడా పిల్లలు నోరు మూసుకుంటారు.

ఇక కారులో ఇంటికొచ్చే దారి ఒకటి. ఓడితే మా మరిదిగారు ఇల్లు చేరేదాకా, ఆ బంతి అలా ఎందుకు పోయిందో వివరించేవారు. వెనక సీట్లో వాడు కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. దెబ్బ తగిలాక మా చెల్లెలు ఒక పద్ధతి పెట్టింది. కారెక్కగానే “పెరుగన్నం తింటావా, పులిహోర తింటావా?” అంటుంది. ఆట ఊసు వాడు ఎత్తితేనే.

మూడు నెలలూ వాడు ఈత కొట్టాడు. ఇప్పుడు ఒక్క జట్టులోనే ఆడుతున్నాడు, విసరడం కంటే పట్టుకోవడమే ఎక్కువట. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి తండ్రే బంతుల లెక్క రాస్తున్నారట, పెరట్లోవి కూడా కలిపి. మొన్న ఫోను చేసి, “వదినగారూ, చెయ్యి బాగానే ఉందంటున్నాడు. మీతో మాట్లాడినప్పుడు కాస్త కనుక్కుంటారా?” అన్నారు. ఫోను వాడికివ్వమన్నాను. “దొడ్డమ్మా, ఈసారి నాన్నకే చెప్పేస్తాలే” అన్నాడు.

సెలవు.