పసిబిడ్డకు ఎక్స్‌రే: ఒక్కసారితోనే పని కావాలి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. తెలుగులో ఉపన్యాసమంటే నాలుక కాస్త తడబడుతుంది. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి. నేను డాక్టరును కూడా కాను. ఒకనాడు ఎక్స్‌రే గదిలో నేను చేసిన పొరపాటు వల్ల నాలుగు సంగతులు తెలుసుకున్నాను. వాటినే మీ ముందు పెడదామని వచ్చాను.

కొన్నేళ్ల కిందట మా చెల్లెలి కొడుక్కి, ఏడాదిన్నర వాడు, జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. మూడో రోజుకి డొక్కలెగరేయడం మొదలుపెట్టాడు. డాక్టరుగారు చూసి ఛాతీ ఎక్స్‌రే రాశారు. ఇక ఇంట్లో వాదన! "ఆ కిరణాలు పసి ఒళ్లు తట్టుకుంటుందా?" అని మా అమ్మీ. "డాక్టరు ఊరికే రాస్తాడా?" అని నేను. మాటలతోనే సగం రోజు పోగొట్టి చివరకు బయలుదేరాం.

లోపలికి పోయేముందు ఎక్స్‌రే తీసే ఆయన అడిగాడు: "బిడ్డను పట్టుకునేది ఎవరు? గర్భవతులైతే వద్దు." ముందుకు వచ్చిన మా చెల్లెలు ఆ మాట విని తల వంచుకొని వెనక్కు జరిగింది. ఆ సంగతి అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియదు. సరే, నేనే పోయాను. సీసపు ఏప్రాన్ నాకు తొడిగారు. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, చేతులు రెండూ తలకు ఇరుపక్కలా ఎత్తి కదలకుండా పట్టుకోమన్నారు. వాడు "మామూ, మామూ" అని గుక్కపెట్టి ఏడుస్తుంటే నా మనసు ఆగలేదు. పట్టు కాస్త వదులు చేశాను. సరిగ్గా అప్పుడే ఆయన బటను నొక్కాడు.

ఫిల్ము అంతా మసక. దానికి తోడు ఊపిరితిత్తి మీద చదరంగా ఒక తెల్లని మచ్చ. అది మా అమ్మీ కట్టిన వెండి తావీజు! తీయమని ఆయన ముందే చెప్పాడు. చొక్కా కిందే ఉందిగదా, ఏం కనపడుతుందిలే అని నేనే ఊరుకున్నాను. మళ్లీ తీయవలసి వచ్చింది. నా జాలి వల్ల, నా నిర్లక్ష్యం వల్ల వాడికి ఒకసారి సరిపోయేది రెండుసార్లయింది. రెండో ఫిల్ములో న్యుమోనియా తేలింది, మందులు పడ్డాయి, బిడ్డ కోలుకున్నాడు. ఇప్పుడు మా బడిలోనే చదువుతున్నాడు. అల్లరిలో మొదటి ర్యాంకు వాడిదే.

సోదరులారా, లోహం ఈ కిరణాలను అడ్డుకుంటుందని మొదటి రోజుల్లోనే తేలిపోయింది. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ అనే శాస్త్రవేత్త ఈ కిరణాలను కనుగొన్నాడు. ఆ డిసెంబరులోనే తన భార్య చేతిని ఫోటో తీశాడు. అందులో ఎముకలతోపాటు వేలి ఉంగరం కూడా స్పష్టంగా పడింది. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఈ పాఠం నేను ఎన్నిసార్లు పిల్లలకు చెప్పానో! అయినా తావీజు దగ్గరకు వచ్చేసరికి మరచిపోయాను. కనుక తావీజు, గొలుసు, మొలతాడు, పిన్నీసు, లోహపు గుండీలు, ఫోటో తీసే చోట ఏమున్నా ముందే తీసి తల్లి చేతిలో పెట్టండి. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ కట్టుకోవచ్చు. అందులో అపచారమేమీ లేదు.

ఇక భయం సంగతి. మట్టి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి కూడా ఇటువంటి కిరణాలు మనకు రోజూ కొంచెం కొంచెంగా తగులుతూనే ఉంటాయి. ప్రపంచ సగటు చూస్తే మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ఒక ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది, కొద్ది రోజుల్లో ప్రకృతి నుంచి వచ్చేదానితో సమానం. సీ.టీ. స్కాన్ అయితే దానికి ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. అవసరమున్నప్పుడు అదీ ప్రాణం కాపాడేదే.

మరి పసిపిల్లల విషయంలో అంత జాగ్రత్త ఎందుకంటారా? వాళ్ల ఒంట్లో కణాలు వేగంగా విభజన చెందుతూ పెరుగుతుంటాయి, వాటికి హాని సులభంగా తగులుతుంది. పైగా వాళ్ల ముందు నిండు జీవితం ఉంది. అందుచేత కొలత పిల్లవాడి సైజుకు తగ్గించాలి, కావలసినంత మేరకే కిరణం పడాలి. అది తీసేవారి పని. బిడ్డ కదలకుండా చూడడం మన పని. ఇప్పుడు చాలాచోట్ల ఫిల్ము పోయి కంప్యూటరు తెర మీద బొమ్మ వస్తున్నది. అయినా కదిలితే మసక మసకే.

కదలకుండా ఉండడమెలాగ? బిడ్డ కడుపు నిండి నిద్రమత్తులో ఉన్నప్పుడు తీసుకుపోతే సగం పని అయినట్టే. కానీ కడుపు ఎక్స్‌రేలు కొన్నిటికి, సిరంజి మందు ఇచ్చి తీసేవాటికి ఖాళీ కడుపు కావాలంటారు. అందుచేత ముందే అడగండి. చెప్పినట్టు గుడ్డలో చుట్టనివ్వండి. మూడు నాలుగేళ్ల వాడైతే "ఫోటో తీస్తారు, నొప్పి ఉండదు, నేను పక్కనే ఉంటాను" అని నిజం చెప్పండి. సూది వేస్తారని మాత్రం బెదిరించవద్దు. పట్టుకున్న తర్వాత జాలిపడి చేయి వదలకండి. క్షణం గట్టిగా పట్టుకోవడమే అక్కడ అసలు ప్రేమ.

మరొక్క మాట, ముఖ్యంగా తల్లులకు. బిడ్డ ఏదైనా మింగితే అత్తగారు తిడతారని దాచకండి. మీరు చెప్పేదాన్ని బట్టే ఏ ఫోటో తీయాలో డాక్టరు నిర్ణయిస్తారు. నాణెం ఫోటోలో పడుతుంది. బొమ్మల్లో, రిమోటుల్లో ఉండే బిళ్ల బ్యాటరీ కూడా అలాగే గుండ్రంగా పడుతుంది, కానీ అంచున రెండు వలయాలు కనపడతాయి. ఆ తేడా కోసం ముందు నుంచీ, పక్క నుంచీ రెండు ఫోటోలు అడిగితే అది వృథా కాదు. బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. తెల్లవారి చూద్దాం అనేది పనికిరాదు. వేరుశనగ గింజ ఊపిరిగొట్టంలోకి పోతే మామూలుగా ఫోటోలో గింజ కనపడదు. గింజ తింటూ పొలమారిందని మీరు చెబితేనే డాక్టరుకు తెలుస్తుంది.

పాత ఫిల్ములు, రిపోర్టులు పారవేయకండి. రేషను కార్డుతోపాటు ఒక సంచిలో పెట్టి, డాక్టరు మారినప్పుడు తీసుకుపోండి. ఉన్న ఫోటోయే చాలితే కొత్తది అక్కరలేదు. మనంతట మనం "ఒక ఎక్స్‌రే తీయించండి సార్" అని అడగవద్దు. అవసరమని డాక్టరు చెప్పినప్పుడు నాలాగా సగం రోజు వాదనలో పోగొట్టనూ వద్దు.

మా చెల్లెలికి ఆ తర్వాత ఆడపిల్ల పుట్టింది, సుఖంగా ఉన్నది. ఆనాడు ఆయన ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే, మా చెల్లెలు మొహమాటపడి ఊరుకుంటే ఎలా ఉండేదో! కనుక ఇంట్లో చెప్పకపోయినా ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర మాత్రం చెప్పండమ్మా అని చేతులు జోడించి మనవి చేసుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.