ఆ గంట ఎవరిది?



మా పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగితే ఆ పూటకు పని అయిపోయినట్టే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఆ హద్దు కనపడదు. మా అబ్బాయి గచ్చిబౌలి నుంచి వచ్చి, అన్నం తిని, మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చునేవాడు. "పొద్దుగాల నుంచి చేసింది సరిపోలేదారా?" అని ఎన్నిసార్లు కసిరానో! ఒకరోజు వాడన్నాడు: "అది ఆఫీసు పనమ్మా, ఇది నా పని."

ఆ తేడా తెలియటానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. పెళ్ళివంటలో ఎప్పుడూ కూరలు తరగటమే వంతైతే వంట ఎప్పుడొస్తుంది చెప్పండి? ఆఫీసులో పిల్లలకు పెద్ద పనిలో ఒక ముక్కే చేతికొస్తుంది. సొంత వ్యాపకంలో ఏం చెయ్యాలో తామే అనుకోవాలి, మాడితే ఎందుకు మాడిందో తామే చూసుకోవాలి. అలా నేర్చిందే రేపు అక్కరకొస్తుంది.

1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ సరదాకు మొదలుపెట్టిన లినక్స్, ఇవాళ మన ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం. మన వీవెన్‌గారు 2006లో "లేఖిని" తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కుతుంటే తెలుగు పడుతుంది. దానితో ఎందరో కంప్యూటర్లో తెలుగు రాయటం మొదలుపెట్టారు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పి మురిసిపోయాను. తనదీ అదే ఉద్యోగం. గిన్నెలు తోముతూ, "తమ్ముడికి ఆ గంట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశావా అమ్మా?" అంది. నా నోట మాట రాలేదు. వాడి కంచం నేను తీస్తున్నాను. దాని చేతికి చీపురూ నేనే ఇస్తున్నాను!

ఇప్పుడు మా ఇంట్లో గిన్నెలు వంతులవారీగా. అమ్మాయి తన గంటలో నాకు పాల లెక్క వేసే ప్రోగ్రాం రాసింది. మొదటి నెల 31వ తేదీని మింగేసింది! నవ్వుకుంటూ దిద్దుకుంది.

పిల్లలకు మూడు మాటలు చెప్పండి. నిద్ర మానుకోవద్దు. సొంత పని ఆఫీసు కంప్యూటరు మీద చెయ్యవద్దు. అలా చేసినదాని మీద హక్కెవరిదో ఉద్యోగపు ఒప్పందంలో చదువుకోవాలి.

ఇక మనకు మనం చెప్పుకోవలసింది ఒకటే. కొడుక్కి ఇచ్చిన ఆ గంట కూతురికి, కోడలికి కూడా అందుతోందా? ఈ రాత్రి అన్నాలయ్యాక వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూడండి.

సెలవు.