ఎండలు ముదరక ముందే చెరువు చేపలపై శ్రద్ధ



శివరాత్రితో చలి శివశివా అని పోతుందని మన పెద్దల మాట. అప్పటినుండి ఉగాది వరకు మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల చెరువులలో రెండు మార్పులు కలుగుతాయి. నీరు వేడెక్కుతుంది, నీరు తగ్గుతుంది. ఈ రెంటినీ కనిపెట్టి నడచుకొన్నవారికి చేప లాభము. లేనియెడల ఆరు నెలల పెంపకము ఒక్క రాత్రిలో పోవచ్చును.

మనకు సముద్రము లేకపోయినను చేపలకు కొరత లేదు. మంజీర నదిపై 1923-1931 మధ్య కట్టిన నిజాంసాగరము, దానికి ముందే కట్టిన పోచారము జలాశయము, ఊరూరా ఉన్న చెరువులు మనకు గలవు. వీటిలో బొచ్చె, రవ్వ, మోసు పెరుగుతాయి. ఈ మూడును వానకాలములో పారే నదినీటిలో గ్రుడ్లు పెట్టునవి. నిలువనీటి చెరువులో పెట్టవు. కావున చెరువులో విడిచిన పిల్లలే మనకున్న పెట్టుబడి. వానకాలములో విడిచిన పిల్ల ఈపాటికి ఆరేడు నెలల వయసులో ఉంటుంది.

చలికాలములో చేప మేత తగ్గించి లోతున మెలగుతుంది. నీరు వెచ్చబడగానే మేతకు ఒడ్డువైపు వస్తుంది. ఉదయము కొంత ఎండ వచ్చిన తరువాతను, సాయంకాలమును ఒడ్డు నీటిలో ఎక్కువగా తిరుగుతుంది. మిట్టమధ్యాహ్నము ఒడ్డు నీరు కాగిపోవుటచే లోతుకు పోతుంది. ఇది చేప చక్కగా బరువు పెరిగే కాలము. అందువలన చిన్న చేపను ఇప్పుడే ఊడ్చివేయుట పాలుపోసుకొన్న వెన్నును కోసినట్లే.

ఇక ప్రమాదము సంగతి. నీరు వేడెక్కిన కొలది అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వేడిగల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగలదు. 30 డిగ్రీలకు 7.5 మిల్లీగ్రాములే. నీటిలోని పాచి పగటి వెలుగులో ప్రాణవాయువును విడుస్తుంది, రాత్రి తానే వాడుకొంటుంది. కావున తెల్లవారుజామున అది మిక్కిలి తక్కువ. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్లు తెరచుచున్నచో, చేపలు విరివిగా ఉన్నవని సంతోషించరాదు. అవి ఊపిరికై అల్లాడుచున్నవి. కొర్రమీను, మార్పు పైగాలి పీల్చి బ్రతుకగలవు. బొచ్చె, రవ్వ బ్రతుకలేవు. వెంటనే పేడ, మేత వేయుట ఆపవలెను. వీలున్నచోట క్రొత్త నీరు వదలవలెను. సొంత గుంటలో మోటారుతో నీటిని పైకి చిమ్మి మరల గుంటలోనే పడనీయవలెను. ఆ పూట పెద్దవల లాగి బురద కలపరాదు.

చెరువులో చేపలు పట్టే హక్కు చాలచోట్ల మత్స్యకారుల సహకార సంఘానిది. నీరు ఆయకట్టు రైతులది. యాసంగి వరి పొట్టదశలో నీరు కావలెను. అదే నీరు చేపకు ప్రాణము. తూము చివరివరకు తెరచిన తరువాత తగవు పడుటకంటె, ఇప్పుడే ఇరువురును కట్టమీద కూర్చుండి లెక్క వేసికొనుట మేలు. వరికి ఇంకా ఎన్ని తడులు కావలెను? అవి ఇచ్చిన తరువాత లోతట్టున ఎంత నీరు మిగులును? వైశాఖము వరకు నిలిచే లోతు ఉన్నచో, పెద్ద చేపలను విడతలుగా పట్టి చిన్నవాటిని పెరుగనీయవలెను. నిలువదని తోచినచో, ఆలస్యము చేయక ఇప్పటినుండే కొద్దికొద్దిగా పట్టి అమ్మవలెను. చివరి బురదలో ఒక్కసారి పట్టిన చేపకు ధర రాదు.

మన తూర్పు సముద్రతీరములో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిలిపివేస్తారు. చేప సంతతి నిలుచుటకే ఆ కట్టుబాటు. మన చెరువులకు కావలసిన కట్టుబాటు వేరు: సన్నకన్ను వలలు మానుట, లోతైన మడుగులో నాటు చేపల తల్లులను కొన్నిటిని వానలదాకా విడుచుట. మన రాష్ట్ర చేపయైన కొర్రమీను ఆ విధముగానే నిలుస్తుంది.

మరొక మాట. వరికి పురుగుమందు చల్లిన పంపును చెరువులో కడుగరాదు. మందు చల్లిన మడినీరు చెరువులోనికి వదలరాదు. నీరు తగ్గినకొలది కొద్దిపాటి మందే పెద్ద విషమగును.

పట్టిన చేపను ఎండలో ఉంచక, చేప ఎంత బరువో అంత మంచుగడ్డ పొడిచేసి పొరలుగా వేసి అంగడికి పంపవలెను.

సోదరులారా! రేపు తెల్లవారకముందే ఒకసారి చెరువుకట్టమీదికి వెళ్లి నీటిని చూడండి. చేపలు ఎట్లున్నవో, తూముకు దిగువ ఎంత లోతున్నదో గమనించండి. ఆ తరువాతనే వల సంగతి, తూము సంగతి నిర్ణయించుకొనండి.