గోడలో దాచే చలువ
(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాల శీతలీకరణ కేంద్రాల్లో ఐస్ బ్యాంకును మీరు చూసే ఉంటారు. కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలోకేలరీ చాలు. కిలో మంచు కరగడానికి 80 కావాలి. కరుగుతున్నంతసేపు దాని ఉష్ణోగ్రత మారదు. ఈ గుప్తోష్ణాన్నే గోడలకూ వాడుకోవచ్చు.

మంచుకు బదులు 28 డిగ్రీల దగ్గర కరిగే పారఫిన్ మైనాన్ని కారకుండా మూసిన పలకల్లో నింపి, గోడకు లోపలివైపు అమరుస్తారు. కిలో మైనం కరుగుతూ సుమారు 50 కిలోకేలరీల వేడిని పీల్చుకుంటుంది. రాత్రి కిటికీలు తెరిస్తే చల్లగాలికి ఆ వేడిని విడిచి, నెయ్యిలా మళ్లీ పేరుకుంటుంది. కరెంటు అక్కరలేదు.

అయితే కీలకమంతా రాత్రిలోనే ఉంది. గాలి 28 కన్నా బాగా దిగకపోతే మైనం పేరుకోదు. మరునాడు అది ఉత్త గోడే. నడివేసవిలో, ముఖ్యంగా కోస్తాలో, అటువంటి రాత్రులు తక్కువేమీ కావు. కనుక కొనేముందు ఒక వేసవి మీ ఊరి రాత్రి ఉష్ణోగ్రతలు రాసి చూడండి. మైనం మండే వస్తువని కూడా మరువకండి.

ముఖ్యంగా ఒక మనవి. ఈ గోడ పాలను చల్లబరచదు. పాలు 4 డిగ్రీలకు దిగాలి. దీన్ని నమ్మి క్యాన్లు నిలవ ఉంచితే పాలు విరుగుతాయి. నాలుగువైపులా తెరిచిన పశువుల పాకకూ ఇది పనికిరాదు. అక్కడ నీడ, గాలి, నీళ్లే మందు.

ముందు సంఘం కప్పుకు తెల్లసున్నం వేయించండి, పడమటి గోడకు నీడ కల్పించండి. అప్పటికీ పాలు పరీక్షించే గదిలో ఉక్క తగ్గకపోతేనే మైనం సంగతి ఆలోచించండి.