క్రిస్మస్ ముందు వారం మా ఊరి బడిలో

 

"చదువు - యువత బాధ్యత" అనే అంశం మీద మమ్మల్ని మాట్లాడమన్నారు. మాకు పెద్ద ఉపన్యాసాలు రావు. మేం నలుగురం సీతంపేట ఏజెన్సీలో ఒకే కొండ మీద ఊరివాళ్లం, సవరలం. ఒకే మాస్టారున్న బడిలో ఐదో తరగతి దాకా చదివి, తర్వాత ఆశ్రమ పాఠశాలకు వెళ్లినవాళ్లం. కిందటి డిసెంబర్‌లో క్రిస్మస్‌కి ముందు వారం మళ్లీ ఆ బడిలోనే గడిపాం. అక్కడ మేం చేసిన తప్పు, నేర్చుకున్న సంగతి చెప్పి కూర్చుంటాం.

ప్రభుత్వ బడికి క్రిస్మస్ సెలవు పేరుకు ఒక్కరోజే. మా ఊళ్లో అలా జరగదని మీకూ తెలుసు. ఆ రోజులకి కొండ మీద కంది కోతకొస్తుంది. కొన్ని ఇళ్లలో క్రిస్మస్, కొన్ని ఇళ్లలో కందికొత్తల పండగ, వాటి వెనకే సంక్రాంతి సెలవులు. 24వ తేదీన బడి విడిచిన పిల్లలందరూ మళ్లీ ఒకచోట కనిపించేది సంక్రాంతి దాటాకే. కొందరు అప్పుడు కూడా కనిపించరు. మా తరగతిలో ఐదుగురం ఉండేవాళ్లం. ఐదోవాడు నాలుగో తరగతిలో ఉండగా ఇలాంటి డిసెంబర్‌లోనే కంది కోతకు వెళ్లాడు. మళ్లీ పలక పట్టలేదు. ఈరోజు అతను ఎక్కడో దూరాన కూలి పనిలో ఉన్నాడు. మేం ఇక్కడ మైకు ముందు ఉన్నాం. మా ఇద్దరి మధ్య తేడా తెలివిలో లేదు, ఆ ఒక్క నెలలో ఉంది.

మాస్టారు మమ్మల్ని పిలిచింది అందుకే. "ఈ ఆఖరి వారం పిల్లలకు గుర్తుండేలా చేయండర్రా. పండగ అయ్యాక వాళ్ల కాళ్లే ఇటు నడుస్తాయి" అన్నారు.

మేం ఉత్సాహంగా వెళ్లాం. రంగు కాగితాలు, వెదురు నక్షత్రం, తెలుగులో రాసుకున్న చిన్న క్రిస్మస్ నాటిక పట్టుకెళ్లాం. ఉన్న 21 మంది పిల్లలకూ వేషాలు పంచేశాం. మా ఊళ్లో సగం ఇళ్లవాళ్లు ఆదివారం ప్రార్థనకు వెళ్తారు, మిగతా సగం తాతల నాటి పద్ధతిలో ఉన్నారు. మా నలుగురిలోనూ ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. మాకు ఏ గొడవా లేదు కదా, పిల్లలకు మాత్రం ఏముంటుంది అనుకున్నాం. ఎవరినీ అడగలేదు.

మర్నాడు నాలుగో తరగతి అమ్మాయి ఒకతె రాలేదు. ఆమెకు దేవదూత వేషం ఇచ్చాం. ఆమె తాత ఊరి ఎజ్జోడు. మూడో రోజు వాళ్ల మామ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి, బడి కంచె బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. తిట్టలేదు కూడా. సవరలో ఒక్కటే అడిగింది: "మా ఇంట్లో కూడా ఇప్పుడు పండగే కదా, బాబూ. అదేంటని ఈ బడిలో ఒక్కరూ అడగరేం?"

మేం తడబడి, అయితే కందికొత్తల మీద కూడా ఒక ఆట వేయిద్దాం అన్నాం. సాయంత్రానికి ప్రార్థనకు వెళ్లే ఇంటి తండ్రి ఒకాయన వచ్చాడు. "మా వాడి చేత ఆ ఆట ఆడించకండి" అన్నాడు. ఆయనదీ న్యాయమే. అప్పటిదాకా పిల్లలు ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. ఆ రోజు వాళ్లు రెండు చాపల మీదకు సర్దుకోవడం మేం కళ్లారా చూశాం. ఊళ్లో పెద్దలు ఎప్పుడూ గీయని గీత మేం సంతోషం పేరుతో గీసేశాం. నాటిక ఆపేశాం.

22న గణిత దినోత్సవం. 1887లో రామానుజన్ పుట్టిన రోజు. మాస్టారు ఆ మామ్మను బతిమాలి లోపలికి తీసుకొచ్చి, కందులు కొలిచి లెక్కపెట్టి చూపించమన్నారు. అంతకు ముందురోజే మూడో తరగతి పిల్లాడొకడిని మేం కోప్పడ్డాం. వాడు రాళ్లు సవరలో లెక్కపెట్టి, పదమూడు రాయమంటే 12 పక్కన 1 వేశాడు. తప్పని ఎర్ర గీత గీశాం.

మామ్మ డబ్బాతో కందులు కొలుస్తూ లెక్కపెట్టింది. పన్నెండు దాకా అందరం పలికాం. ఆ తర్వాత ఆమె పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అంటూ పన్నెండూ ఏడు దాకా వెళ్లింది, అక్కడి నుంచి ఇరవై. మన సవర లెక్క పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. తొంభైమూడు అనాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. కూడి చూడండి: 80, 12, 1. సరిగ్గా 93. ప్రపంచంలో అరుదైన ఈ లెక్క గురించి భాషాశాస్త్రవేత్తలు పుస్తకాల్లో రాశారు. మేం మాత్రం ఎర్ర గీత గీశాం.

మాస్టారు వాడి పలక తీసుకుని, 12కీ 1కీ మధ్య కూడిక గుర్తు పెట్టారు. "వీడు లెక్క తప్పలేదు, గుర్తు ఒక్కటే మరిచిపోయాడు" అన్నారు. వాడు ఆ పలకను సాయంత్రం దాకా తుడవలేదు. మేం సిగ్గుతో తల దించుకున్నాం. మేమూ సవరలమే. ఇరవై దాకా సవరలో లెక్కపెట్టమంటే పన్నెండు దగ్గరే ఆగిపోయే సవరలం.

గిడుగు రామమూర్తి పంతులు గారు సవర కాకపోయినా మన భాష నేర్చుకున్నారు, సవరలో వాచకాలు రాశారు, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. ఇతరులు అంత చేశారు. ఇంట్లో ఉన్న మామ్మ దగ్గర కూర్చోవడానికి మనకే తీరిక లేకపోయింది.

23న రైతు దినోత్సవం. ఆ రోజు వేషాలు లేవు. పిల్లలు ఒక్కొక్కరూ లేచి, ఈ నెల మా ఇంట్లో ఏం జరుగుతుందో సవరలో చెప్పారు. ఒకడు వెదురు కర్రకు నక్షత్రం ఎలా కడతారో, రాత్రి చలిలో ఇంటింటికీ పాడుకుంటూ ఎలా వెళ్తారో చెప్పాడు. కొత్త పెట్టకముందు కొత్త కంది ఎందుకు నోట పెట్టరో ఆ అమ్మాయి చెప్పింది. వాళ్ల మాటలను మేం తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాశాం. బడి గోడకు ఎడిసింగ్ బొమ్మ వేద్దామని మాలో ఒకరు అన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. అది ఇంటి గోడకు పద్ధతి ప్రకారం వేసేది, అలంకారం కాదు అంది. మేం విన్నాం. మన సంస్కృతిని కాపాడటమంటే అన్నీ ప్రదర్శించడం కాదని ఆ రోజు తెలిసింది.

24న ప్రార్థనకు వెళ్లే ఇంటి తల్లి ఒకామె తట్టెడు కందికాయలు ఉడకబెట్టి పిల్లలకు తెచ్చింది. పంచేవాడు ఆమె కొడుకే, రెండో తరగతి. ఎజ్జోడు మనవరాలి దగ్గరికి వచ్చి ఆగాడు. "నీకు ఇంకా కొత్త పెట్టలేదు కదా" అని, తన వంతు బడి చిక్కీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. ముందురోజు ఆమె మాట విన్నాడు, అంతే. ఆ పూట అందరూ మళ్లీ ఒకే చాప మీద తిన్నారు.

సంక్రాంతి తర్వాత మేం మళ్లీ వెళ్లి లెక్క చూశాం. 21 మందిలో 19 మంది వచ్చారు. మిగతా ఇద్దరి ఇళ్లకూ వెళ్లాం. ఒకడిని తీసుకొచ్చాం. ఇంకో ఇల్లు తాళం వేసి ఉంది, పనికి వలస వెళ్లిపోయారు. ఆ పిల్ల కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని మూడే అడుగుతున్నాం. డిసెంబర్ ఆఖరి వారంలో మీ ఊరి బడికి ఒక్కరోజైనా వెళ్లండి, సంక్రాంతి తర్వాత ఇంకోసారి వెళ్లి ఎవరు రాలేదో చూడండి. మీ మామ్మను, తాతను మన భాషలో లెక్కపెట్టమని అడిగి, చేతిలో ఉన్న ఫోనులో రికార్డు చేయండి. పెద్దవాళ్లు ఏ గుడికి వెళ్లినా, ఏ కొండకు మొక్కినా, బడిలో చాప మాత్రం రెండు కానివ్వకండి.

ఈ డిసెంబర్‌లోనూ మేం వెళ్తున్నాం. ఈసారి ముందే ఇంటింటికీ వెళ్లి అడిగి, అప్పుడే బడిలో అడుగు పెడతాం.

జై ఆదివాసీ.